ఈసీజీ నార్మల్ అన్నారు, మరి అమ్మకు మెట్లెక్కితే దమ్మెందుకు వస్తోంది?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ అమ్మగారికి 54 ఏళ్లు. కోరుట్ల దగ్గర పల్లె. ముప్ఫై ఏళ్లుగా బీడీలు చేస్తున్నారు. మూడు నెలల నుంచి ఛాతీలో మంట, వీపులో గుంజుడు, మెట్లెక్కితే దమ్ము, అంటే ఆయాసం. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ అని గోలీలు ఇచ్చాడు. ఈసీజీ తీయిస్తే నార్మల్ వచ్చింది. మీ నాన్నగారికి ఇంతకు ముందే స్టెంట్ వేశారు కాబట్టి గుండెనొప్పి ఎలా ఉంటుందో ఇంట్లో అందరూ చూశారు, అమ్మది అలా లేదు. 'ఆడవాళ్లకు గుండెపోటు తక్కువ అంటారు కదా, ఇది గ్యాసే అనుకోవచ్చా?' అన్నది మీ ప్రశ్న. ఉత్తరం చివర, పెద్దగా సంబంధం లేదనుకుంటూనే ఇంకో రెండు ముక్కలు రాశారు. మీరు కడుపులో ఉన్నప్పుడు ఆమెకు బీపీ బాగా పెరిగి కాళ్లు, మొహం వాచాయని, 36వ ఏట గర్భసంచి తీసేశారని.

నేనైతే ఆ చివరి రెండు ముక్కల నుంచే మొదలుపెడతాను. వరంగల్‌లో జనరల్ మెడిసిన్ డాక్టరుగా పాతికేళ్లు దాటింది. ఇన్నేళ్లలో గుండె కోసం వచ్చిన ఆడవాళ్లలో తమంతట తాము కాన్పు సంగతి చెప్పినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తప్పు వాళ్లది కాదు, మేం అడగం. మగవాళ్లకు తయారుచేసిన ప్రశ్నలే వాళ్లకూ వేస్తాం. సిగరెట్ ఉందా, మందు ఉందా, ఇంట్లో ఎవరికైనా గుండెపోటు వచ్చిందా. అన్నిటికీ 'లేదు సార్' అంటారు (నేను ఆడదాన్నైనా సార్ అనే అంటారు, అలవాటు). చీటీ మీద గ్యాస్ గోలీ పడుతుంది.

ముందు 'తక్కువ' అన్న మాట సంగతి. ప్రపంచం మొత్తం మీద చనిపోయే ఆడవాళ్లలో దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బులతోనే పోతున్నారు. రొమ్ము క్యాన్సర్ అంటే మనకు ఉన్న భయం దీనికి లేదు కానీ, లెక్కలో దీని దరిదాపుల్లోకి కూడా అది రాదు. 52 దేశాల్లో చేసి 2004లో ప్రచురించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో, మొదటి గుండెపోటు ఆడవాళ్లకు మగవాళ్ల కంటే సుమారు 9 ఏళ్లు ఆలస్యంగా వస్తోందని తేలింది. అంటే తక్కువ కాదు, ఆలస్యం. మన దక్షిణాసియా వాళ్లకు మిగతా దేశాల వాళ్ల కంటే ముందే వస్తుందన్న సంగతి కూడా ఆ అధ్యయనంలోనే ఉంది. కాబట్టి 54 ఏళ్లంటే 'ఇంకా చిన్న వయసే కదా' అనుకోవడానికి లేదు.

ఆ ఆలస్యానికి ఒక ముఖ్య కారణం ఈస్ట్రోజన్. నెలసరి ఉన్నంతకాలం అండాశయాల్లో తయారయ్యే ఈ హార్మోను రక్తనాళాలను మెత్తగా ఉంచుతుంది, కొలెస్ట్రాల్‌ను కొంత అదుపులో పెడుతుంది. ముట్లుడిగాక ఆ కాపు పోతుంది. మరి 36వ ఏటే ఆపరేషన్ అయితే? ఇక్కడే మన తెలంగాణ గురించి ఒక చేదు నిజం చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశం మొత్తంగా 15-49 ఏళ్ల ఆడవాళ్లలో వందకు దాదాపు ముగ్గురికి గర్భసంచి తీసేసి ఉంటే, తెలంగాణలో ఎనిమిది మందికి తీసేసి ఉంది. తెల్లబట్ట అవుతోందని, నడుం నొస్తోందని, 'పిల్లలు పుట్టారు కదా, ఇంకా ఎందుకు, క్యాన్సర్ అయితే కష్టం' అని భయపెట్టి తీసేసినవి అందులో ఎన్నో. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మందికి గర్భసంచి ఒక్కటే తీశారా, అండాశయాలు కూడా తీశారా అన్నది తెలియదు. గుండె విషయంలో అది చాలా పెద్ద తేడా. అండాశయాలు రెండూ తీసేస్తే ఆ రోజు నుంచే ముట్లుడిగినట్టు లెక్క. వాటిని ఉంచినా, ఆపరేషన్ అయినవాళ్లలో అవి కొంత ముందుగా పని మానేయడం ఉంది. బీరువా అడుగున అప్పటి డిశ్చార్జి కార్డు ఉందేమో వెతకండి. దొరక్కపోతే ఆపరేషన్ అయిన ఏడాదిలోపే ఒంట్లోంచి ఆవిర్లు రావడం, రాత్రిళ్లు చెమటలు పట్టడం మొదలయ్యాయా అని అమ్మను అడగండి. అది చాలావరకు జవాబు చెబుతుంది. అలాగని ఇప్పుడు గుండె కోసం హార్మోను గోలీలు మొదలుపెట్టమని ఎవరైనా అంటే మాత్రం వద్దు. ఈ వయసులో గుండెను కాపాడటానికని అవి ఇవ్వరు.

ఇక రెండో ముక్క, కాన్పులో బీపీ. ఆ బీపీ ముదిరి ఫిట్స్ వస్తే మన పెద్దవాళ్లు గుర్రపువాతం అనేవారు. కాన్పు కాగానే బీపీ దిగిపోతుంది, తల్లీబిడ్డా క్షేమం, అందరూ మరిచిపోతారు. ఒళ్లు మాత్రం మరిచిపోదు. కడుపుతో ఉన్నప్పుడు గుండె మామూలు కంటే చాలా ఎక్కువ రక్తాన్ని తోయాలి. ఆ బరువు మీద పడ్డప్పుడు తడబడిన రక్తనాళాలు ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ తడబడతాయి. అలా బీపీ వచ్చినవాళ్లకు ముందుముందు గుండెజబ్బు ముప్పు మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు రెట్టింపు. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి తగ్గినవాళ్లు కూడా ఈ వరసలోనే. వాళ్లకు తర్వాత అసలు షుగర్ వచ్చే అవకాశం చాలా రెట్లు ఎక్కువ. నెలలు నిండకుండా ప్రసవం కావడం, పీసీఓడీ, నలభై లోపే ముట్లుడగడం, కీళ్లవాతం, లూపస్ వంటి జబ్బులు, ఇవన్నీ గుండె చీటీలో రాయాల్సినవే. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2011లోనే కాన్పు చిక్కులను గుండెజబ్బు ముప్పుల జాబితాలో చేర్చింది. మన ఓపీ చీటీల్లో ఆ గడి ఇంకా లేదు. ఇంతకీ మీ కాన్పులెలా జరిగాయో మీరు రాయలేదు. బీపీ గానీ షుగర్ గానీ వచ్చి ఉంటే ఈ జవాబు మీకు కూడా.

నొప్పి నాన్నగారిలా లేదన్నారు. మా మేనత్త కథ చెబుతాను. నేను హౌస్ సర్జన్సీ చేస్తున్న రోజులు. ఆమెది నర్సంపేట వైపు పల్లె. పొలం గట్టు మీద నడుస్తుంటే కింది దవడ లాగుతోందని, కూర్చుంటే తగ్గుతోందని చెప్పేది. పన్ను పుచ్చిందనుకుని ఒకటి పీకించారు. తగ్గలేదని పక్కది కూడా పీకించారు. నాకూ చెప్పింది. 'పంటి డాక్టరు ఏమన్నాడత్తా?' అని అడిగానే తప్ప, పన్ను నొప్పి నడిస్తేనే ఎందుకు వస్తుందని అడగలేదు. కూర్చుంటే తగ్గే పన్ను నొప్పి ఎక్కడైనా ఉంటుందా! దసరా అయిన వారానికి ఒక తెల్లవారుజామున చెమటలు పోసి, రెండు వాంతులై, జీపులో వరంగల్ తెస్తుంటే దారిలోనే పోయింది. అప్పటికి 108 లేదు. ఉన్నా పిలిచేవాళ్లమా అన్నది వేరే ప్రశ్న. వాంతులైతే గుండె అని ఎవరికి తోస్తుంది?

ఆడవాళ్లలో కూడా గుండెపోటుకు ఎక్కువగా కనిపించే లక్షణం ఛాతీలో ఇబ్బందే. 'ఆడవాళ్లకు ఛాతీ నొప్పి రాదు' అని ఈమధ్య తిరుగుతున్న మాట నిజం కాదు. అయితే వాళ్లు దాన్ని నొప్పి అనరు. మంట అంటారు, బరువు అంటారు, 'ఎవరో రాయి పెట్టినట్టుంది' అంటారు. దానితోపాటు వీపు, మెడ, దవడ, రెండు రెక్కలు గుంజడం, దమ్ము, వాంతి వచ్చినట్టుండటం, చెప్పలేనంత నీరసం మగవాళ్లలో కంటే ఎక్కువ. మన దగ్గర 'పాణం బాగుంటలేదు' అన్న ఒక్క మాటలో ఇదంతా ఇమిడిపోతుంది. ఆ మాట విన్న కొడుకు గ్లూకోజ్ ఎక్కించమంటాడు. గుండె బలహీనపడి దమ్ము వచ్చిన మనిషికి సెలైన్ సీసా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు ఇంకా పెరుగుతుంది. ఇది నేను నెలకోసారైనా చూస్తాను.

నొప్పి ఎక్కడ, ఎలా అన్న దానికంటే నాకు పనికొచ్చే ప్రశ్న ఇంకొకటి ఉంది. 'పోయినేడు చేసిన ఏ పని ఈ ఏడు మానేసినవ్?' దీనికి ఆడవాళ్లు అబద్ధం చెప్పలేరు. బిందె ఎత్తడం మానేసినా, బట్టలు ఉతికే పని కోడలికి ఇచ్చేసినా, బతుకమ్మ ఆటలో రెండు చుట్లు తిరిగి పక్కన కూర్చున్నా, మోకాళ్ల నొప్పి అనో వయసు మీద పడిందనో సర్దిచెప్పుకుంటారు. మీ అమ్మగారి దమ్ము మెట్లెక్కితే వస్తోంది. ఆగితే నాలుగైదు నిమిషాల్లో తగ్గుతోందా, వీపు గుంజుడు కూడా దానితోపాటే వచ్చి పోతోందా అన్నది చూడండి. తిన్నాక పడుకుంటే పెరిగి, పుల్లటి తేన్పులొచ్చే మంటకు గ్యాస్ కారణం కావచ్చు. పనిచేస్తే వచ్చి ఆగితే పోయేది మాత్రం, వేరే అని తేలేదాకా గుండెదే అనుకోవాలి. గ్యాస్ గోలీతో కాస్త తగ్గినంత మాత్రాన గ్యాసేనని నిర్ధారణ కాదు.

ఈసీజీ అంటే కదలకుండా పడుకోబెట్టి తీసిన కొన్ని క్షణాల బొమ్మ. నాళం డెబ్బై శాతం మూసుకున్నా విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండెకు రక్తం సరిపోతుంది, గీత మామూలుగానే వస్తుంది. కాబట్టి ఆ కాగితాన్ని దాచండి, తర్వాతి ఈసీజీతో పోల్చడానికి పనికొస్తుంది. దాన్ని చూసి ఊరుకోకండి. టూడీ ఎకో (గుండె స్కాన్) కూడా అంతే, కండరం, కవాటాలు ఎలా ఉన్నాయో చెబుతుంది తప్ప నాళాల్లో పూడికను నేరుగా చూపదు. నడిపించి చూసే టీఎంటీ ఆడవాళ్లలో లేని జబ్బు ఉన్నట్టు చూపడం మగవాళ్లలో కంటే ఎక్కువ. మోకాళ్ల నొప్పులతో సరిగ్గా నడవలేకపోతే అసలు లెక్కకే రాదు. అప్పుడు సీటీ యాంజియో గానీ మామూలు యాంజియోగ్రామ్ గానీ చేస్తారు. ఏది ముందన్నది చూసిన డాక్టరు నిర్ణయించాలి. ఒక మాట గుర్తుంచుకోండి. యాంజియోగ్రామ్‌లో పెద్ద నాళాలు బాగున్నాయని తేలి, నొప్పి మాత్రం అలాగే ఉండటం ఆడవాళ్లలో మగవాళ్ల కంటే ఎక్కువ. కంటికి కనిపించనంత సన్నటి నాళాలు సరిగ్గా విప్పారకపోవడం వల్ల అలా జరుగుతుంది. దానికి మందులున్నాయి. 'నాళాలు బాగున్నాయి, నీది టెన్షన్' అని పంపిస్తే మళ్లీ వెళ్లి అడగండి.

టెన్షన్ అంటే గుర్తొచ్చింది. అది ఉత్త మాట కాదు. భర్త పోయిన రోజునో కొడుకు ప్రమాదం సంగతి విన్న రోజునో అచ్చం గుండెపోటులాగే కుప్పకూలిన ఆడవాళ్లను చూశాను. నాళాల్లో పూడిక ఉండదు, గుండె కొస మాత్రం ఉబ్బి కదలిక తగ్గిపోతుంది. జపాన్ వాళ్లు 1990లో దీన్ని గుర్తించి, ఆక్టోపస్‌ను పట్టే కుండ ఆకారంలో ఉందని టకోత్సుబో అని పేరు పెట్టారు. ఎక్కువగా ముట్లుడిగిన ఆడవాళ్లకే వస్తుంది.

అమ్మగారి విషయంలో ఇంకేం చూడాలో చెబుతాను. షుగర్ పరీక్ష ఎప్పుడు చేయించారో మీరు రాయలేదు. నేను అన్నిటికంటే ముందు చూసేది అదే. ఇంటర్‌హార్ట్‌లో షుగర్ వల్ల గుండెపోటు ముప్పు మగవాళ్లలో రెండున్నర రెట్లు దాటితే, ఆడవాళ్లలో నాలుగు రెట్లు దాటింది. ముట్లుడగక ముందు ఉండే ఆడతనపు కాపును కూడా షుగర్ తుడిచేస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకు నొప్పి తెలియకుండానే గుండెపోటు రావచ్చు. రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్షలో 6.5 వచ్చినా దాటినా షుగర్ ఉన్నట్టే. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే గడప దగ్గర ఉన్నట్టు. బీపీ 140/90 దాటుతోందా అన్నది ఒక్కసారి కాదు, వేరువేరు రోజుల్లో చూడాలి. నడుం చుట్టుకొలత టేపుతో చూడండి, చీర కుచ్చిళ్ల దగ్గర కాదు, బొడ్డు మట్టంలో. మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే, చేతులు, కాళ్లు సన్నగా ఉన్నా సరే, ఆ పొట్ట లెక్కలోకి వస్తుంది.

బీడీల సంగతి. అమ్మ జన్మలో బీడీ తాగి ఉండకపోవచ్చు. అయినా ముప్ఫై ఏళ్లు చాట ఒళ్లో పెట్టుకుని తంబాకు దుమ్ములో కూర్చున్న మనిషి. చుట్టేవాళ్ల ఒంట్లోకి చర్మం ద్వారా, ఊపిరి ద్వారా నికోటిన్ చేరుతుందని మూత్ర పరీక్షల్లో తేలింది. దానితోపాటు రోజుకు ఎనిమిది, పది గంటలు కదలని కూర్చోవడం. నాన్నగారు ఇంట్లో తాగేవారైతే ఆ పొగ వేరే. పక్కవాళ్ల పొగ పీల్చినా గుండెజబ్బు ముప్పు పాతిక, ముప్ఫై శాతం పెరుగుతుంది. పని మానేయమని నేను చెప్పలేను, ఇల్లు గడవాలి. ఆరుబయట గాలి తగిలే చోట కూర్చోవడం, ముక్కుకు గుడ్డ కట్టుకోవడం, కట్ట కట్టినప్పుడల్లా లేచి వాకిలి దాకా నడిచి రావడం చేయొచ్చు. చేతులు కడగకుండా అన్నం తినొద్దు.

తిండి మీద పెద్ద ఉపన్యాసం ఇవ్వను. మన ఇళ్లలో ఉప్పు కూరలో కంటే తొక్కులో, పచ్చట్లో ఎక్కువగా ఒంట్లోకి పోతుంది. రోజు మొత్తానికి ఒక చెంచా, అంటే 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. సకినాలు కాల్చిన నూనెను నెల పొడుగునా కూరలకు వాడొద్దు. ఒక్కపొద్దు ఉన్న రోజు బీపీ గోలీ మానేయొద్దు. షుగర్ గోలీ సంగతి మాత్రం డాక్టరును ముందే అడిగి పెట్టుకోండి.

ఎవరూ అడగని ఇంకొకటి, మోకాళ్ల నొప్పుల గోలీలు. ముప్ఫై ఏళ్లు కింద కూర్చున్న మనిషికి అవి ఉండకుండా ఉండవు. మెడికల్ షాపులో విడిగా కొనుక్కునే డైక్లోఫెనాక్ లాంటివి రోజూ వేసుకుంటే బీపీ పెరుగుతుంది, గుండెపోటు ముప్పూ పెరుగుతుంది. 'వేసుకోగానే హాయిగా ఉంది' అనిపించే పొట్లం మందుల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటే షుగర్ కూడా పెరుగుతుంది. రక్తం ఎంతుందో కూడా చూపించండి. పైన చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే తెలంగాణ ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నట్టు వచ్చింది. దానివల్ల కూడా దమ్ము వస్తుంది, లోపల గుండెజబ్బు ఉంటే దాన్ని ఇంకా ఎక్కువ చేస్తుంది. రక్తం తక్కువ అని తేలగానే 'ఇదే కారణం' అని ఆగిపోకండి. చిన్నప్పుడు కీళ్ల వాపు జ్వరం వచ్చి కవాటం దెబ్బతిన్నవాళ్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. ఎకోలో అది బయటపడుతుంది.

ఎక్కడ చూపించాలి అంటే, ఈ వారంలోనే, జగిత్యాలలోనో కరీంనగర్‌లోనో ఎండీ జనరల్ మెడిసిన్ డాక్టరుకు గానీ కార్డియాలజిస్టుకు గానీ. వరంగల్ దాకా రానక్కర్లేదు. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు, రేషన్ కార్డు, ఆధార్ వెంట పెట్టుకోండి. పల్లె దవాఖానలో బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు, ముందు అక్కడ రాయించుకుని వెళ్లినా మంచిదే.

కూర్చుని ఉన్నా మంట రావడం, తక్కువ పనికే దమ్ము రావడం, రాత్రి నిద్రలోంచి లేపడం మొదలైతే వారం ఆగొద్దు, అదే రోజు వెళ్లండి. అప్పుడు నడిపించే పరీక్ష చేయకూడదు, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ చూస్తారు. మొదటిసారి మామూలుగా వస్తే కొన్ని గంటలాగి మళ్లీ చూడాలి. ఇబ్బంది పది, పదిహేను నిమిషాలకు తగ్గకుండా చెమటలు పడితే 108కి ఫోన్ చేయండి. హైదరాబాద్ నుంచి కొడుకు వచ్చేదాకా చూద్దామనడం, ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఇచ్చే మహాలక్ష్మి ఉంది కదా అని బస్సెక్కించడం రెండూ చూశాను. నడిపించొద్దు, కూర్చోబెట్టండి. ఆస్పిరిన్ పడనివాళ్లు కాకపోతే, పేగుల్లో రక్తస్రావం చరిత్ర లేకపోతే, 108 వాళ్లను అడిగి 300 మిల్లీగ్రాముల గోలీ నమిలించండి. నాన్నగారి నాలుక కింద గోలీ మాత్రం ఆమెకు పెట్టొద్దు, బీపీ పడిపోవచ్చు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ పనిచేసేది మొదటి 12 గంటల్లో, అందులోనూ మొదటి రెండు మూడు గంటల్లో బాగా. కోరుట్ల నుంచి కరీంనగర్ దాదాపు డెబ్బై కిలోమీటర్లు. కాబట్టి రాత్రిపూట ఈసీజీ తీసి ఆ ఇంజెక్షన్ ఇచ్చే దవాఖాన దగ్గర్లో ఏదో ఇప్పుడే కనుక్కుని, నంబరు గోడ మీద రాసి పెట్టండి. అమ్మకు చదవడం రాకపోతే పక్కింటి పిల్లకు చూపించి పెట్టండి.

డాక్టరు గదిలోకి మీరు కూడా వెళ్లండి. అమ్మ 'ఏం లేదు, కొంచెం మంట' అంటుంది, ఆమె అలాగే అంటుంది. కాన్పులో బీపీ, 36 ఏళ్లకు గర్భసంచి, మెట్లెక్కితే దమ్ము, ఈ మూడూ మీ నోటితో చెప్పండి. పాత ఈసీజీ, డిశ్చార్జి కార్డుతోపాటు మోకాళ్ల గోలీల స్ట్రిప్ కూడా సంచిలో వేసుకోండి.